అమావాస్య నాటి గొంతు

వీధి తలుపు మూసి గడియ వేసిన తర్వాత గానీ రాజాంబాళ్ నోరు తెరవలేదు.

"వీధంతా ఇన్నారు," అంది. అరవలేదు. అత్తగారు అరిచి ఉంటే సుమితకు కొంచెం ధైర్యంగానే ఉండేది.

సుమిత పసుపు పచ్చ స్పీకరును చంటిపిల్లలా గుండెకు ఆనించుకుని హాల్లో నిలబడి ఉంది. లడ్డూ డబ్బా అంత ఉంటుంది అది. పెళ్ళికి కాలేజీ స్నేహితురాళ్ళు ఇచ్చారు. ఇందాకటి దాకా ఈ ఇంట్లో మొగుడి తర్వాత ఆమెకు అంత ముద్దొచ్చే వస్తువు అదే.

మూసిన తలుపు అవతల ఎదురింటి వీరప్ప మళ్ళీ అడుగుతున్నాడు. "రంగరాజులూ, ఆ పాట ఎవురిదప్పా? ఎప్పుడో ఇన్న గొంతు మాదిరి ఉండాదే."

సుమిత మామగారు రంగరాజులు మళ్ళీ వచ్చి సగం తిన్న విస్తరి ముందు కూర్చున్నాడు. కలిపిన అన్నం అలాగే ఉంది.

మామూలు రోజైతే వీరప్ప ప్రశ్న వాళ్ళ గడపే దాటేది కాదు. వేలూరి పక్కన ఉండే గుడియాత్తంలో, ఆ నేతవీధిలో ఇంటింటా మగ్గం టకటకా కొట్టుకుంటూ ఉంటే, పక్కన కూర్చున్న మనిషితోనే గొంతు చించుకుని మాట్లాడాలి. పెళ్ళయి వచ్చిన ఈ కొద్ది నెలల్లోనే సుమిత "కాఫీ తాగుతావా బావా" అన్న ముద్దుమాటను కూడా కేకలా వేయడం నేర్చుకుంది. పరదరామిలో ఉండే పుట్టింటికి పోయినప్పుడు అమ్మ చెవులు మూసుకుని నవ్వేది. వాళ్ళదీ నేతవాళ్ళ వంశమే గానీ, తాతల కాలంలోనే మగ్గం వదిలి బట్టల వ్యాపారంలోకి దిగారు.

ఈ రోజు అమావాస్య. అమావాస్య నాడు ఆ వీధిలో ఎవరూ మగ్గం గుంటలోకి కాలు దించరు. పొద్దున నిద్ర లేచేసరికి ఆ నిశ్శబ్దం చూసి సుమిత మురిసిపోయింది. పిచుక రెక్క కొట్టుకోవడం వినిపించింది. దూరంగా ఎవరింట్లోనో పోపు చిటపటలాడింది. ఇంతకన్నా మంచి రోజు దొరకదని మిద్దె మీది గదిలోకి పరుగెత్తి, తన ధారావాహికకు ముందుమాట రికార్డు చేసుకుంది.

పాత సంగీత విలేఖరులను వెతికి పట్టుకుని, వాళ్ళ జ్ఞాపకాలను ఇంటర్నెట్లో వినిపించడం ఆమె పెళ్ళికి ముందు మొదలుపెట్టిన పని. ఈసారి దొరికినాయన వేలూరు సత్తువాచారిలో ఉండే జానకిరామన్. ఇంట్లో తెలుగు మాట్లాడి, పత్రికకు తమిళంలో రాసి, జీవితమంతా పాటల వెంట తిరిగిన మనిషి.

మగ్గాలు ఆడే రోజుల్లో స్పీకరు గొంతు పూర్తిగా పెంచినా తన చెవికే ఆనేది కాదు. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. పైగా ఆ రికార్డులో ఇంట్లో వాళ్ళను మురిపించే మాట ఒకటి ఉంది. వాళ్ళ ఊరి పిల్ల గురించిన మాట. మగవాళ్ళు భోజనానికి కూర్చోగానే స్పీకరు కిటికీలో పెట్టి, గొంతు చివరికంటా పెంచి నొక్కింది. తనకు పనికొచ్చిన నిశ్శబ్దం వీధికంతా పనికొస్తుందని తోచలేదు.

జానకిరామన్ గొంతు బొంగురుగా, తీరిగ్గా మొదలైంది. పాటల చరిత్రంటే సినిమా కంపెనీల చరిత్ర అనుకుంటారు గానీ, మన పక్క ఊళ్ళలో దాన్ని రాసింది మైకుసెట్టు వాళ్ళన్నాడు. పెళ్ళింట్లో ఏ క్యాసెట్టు పెట్టాలో వాళ్ళ ఇష్టం. నాలుగు పెళ్ళిళ్ళలో మోగితే అంగళ్ళ వాళ్ళు ఆ క్యాసెట్టు కోసం వరస కట్టేవాళ్ళన్నాడు. అద్దె గదిలో కిటికీలకు కంబళ్ళు కట్టి, డోలు వాయించే మనిషిని దూరంగా తలుపు పక్కన నిలబెట్టి రికార్డు చేసేవాళ్ళట. ఎవరు తప్పు చేసినా పాట మొదటి నుంచి మళ్ళీ పాడాల్సిందేనట.

తర్వాత ఒక అమ్మవారి పాట. ఆషాఢంలో ఊరూరా మోగిన పాట. సన్నగా మొదలై, చరణానికి వచ్చేసరికి వేపాకు దెబ్బలాగా చురుక్కుమనే గొంతు. అక్కడే రాజాంబాళ్ చేతిలోని గరిటె ఆగింది. సుమితకు అది మెచ్చుకోలనిపించింది.

మళ్ళీ జానకిరామన్ అన్నాడు. "కవరు మీద ట్రూపు మాస్టరు పేరేసినారు. పాడింది మాత్రం కోకిల. గుడియాత్తం నేతవీధి పిల్ల. కంటి వైద్యానికని వేలూరికొచ్చింది, ఇప్పుడు మా ఇంట్లోనే ఉండాది. ఇంకోసారి ఆమె చేతనే మాట్లాడిస్తాను."

రంగరాజులు ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి స్పీకరు తీగ పీకేశాడు.

అప్పటికి గానీ సుమితకు తెలియలేదు, పెరటి పిట్టగోడ మీద తాతగారు కన్నప్ప పేరున కాకికి అన్నం వడ్డించి పెట్టిన పెద్ద ఆకు పక్కన, ఫోటో లేని ఎవరి కోసమో పెట్టిన చిన్న ఆకు ఎవరిదో. చిన్నప్పుడే పోయిన ఒక ఆడబిడ్డ అని మాత్రం అత్త చెప్పింది. పేరు ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ పేరు పలకరు.

"అమ్మ ఇన్నిందా?" అన్నాడు రంగరాజులు.

అతను మాట్లాడిన మొదటి మాట అదే. అందరూ పెరటి వసారా వైపు చూశారు.

రంగరాజులు తల్లి అమ్మణి వీళ్ళకు వీపు పెట్టి కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ మగ్గం పక్కనే బతికిన మనిషి, చెవులు మగ్గానికే ఇచ్చేసింది. ఆమెతో మాట్లాడాలంటే ముందుకు పోయి నిలబడి గట్టిగా చెప్పాలి. గుండె కూడా అంతంత మాత్రమే. పోయిన నెల కొడుకు లుంగీల మూట కింద పడేసిన చప్పుడుకే దడ పట్టుకుని రెండు పూటలు లేవలేదు.

రాజాంబాళ్ పిల్లిలా నడిచి ఆమె వెనక నిలబడి, మామూలు గొంతుతో మజ్జిగ పోయనా అని అడిగింది. అమ్మణి తిరగలేదు. గొంతు పెంచి అడిగింది. అప్పుడు తిరిగింది.

"మజ్జిగ వద్దుగాని, కాకి ఆ చిన్నాకు ముట్టలేదు మే," అంది అమ్మణి. "ఎప్పుడూ మొదట దాన్నే ముట్టేది. ఈ రోజు ముసిలాయన ఆకు తినేసి ఎగిరిపోయింది."

రాజాంబాళ్ వెనక్కి వచ్చింది. "ఇనలేదనుకుంటా," అంది.

ఆ 'అనుకుంటా' ఇంటి మధ్యలో అలాగే నిలబడిపోయింది.

సుమిత మొగుడు సెల్వకుమార్ ఎంత కష్టంలోనైనా ఏదో ఒక వేళాకోళం ఆడి తప్పించుకునే మనిషి. అతను కూడా తండ్రి ఎదుట గొంతుక్కూర్చుని, చాలా మెల్లగా అడిగాడు. "నాయనా, అత్త బతికే ఉండాదా?"

రంగరాజులు లేచి తొట్టి దగ్గరకు పోయాడు. చేతులు కడుక్కున్నాడు. కడిగిన చేతులనే మళ్ళీ కడిగాడు.

"మేం ప్రతి అమావాస్యకీ ఆకు పెడతా ఉండామే నాయనా. బతికుండే మనిషికా?"

"ఆ పాటల ముసిలాయన ఇల్లు యాడ?" అని రంగరాజులు కోడల్ని అడిగాడు. కొడుకును చూడలేదు.

సుమిత చెప్పింది. ఈ మాటలు ఇంకా బయట పెట్టలేదని, తుడిచేస్తానని, తెలియక చేశానని గబగబా చెప్పింది. తర్వాత ఇంకో మాట మిగిలింది. అదీ చెప్పక తప్పలేదు. ఎవరి మాటలైనా సరే, లోకానికి వినిపించక ముందు ఆ మనిషికే వినిపించడం తన పద్ధతి. పొద్దున ముందుమాట అతికించగానే జానకిరామన్‌కు పంపేసింది.

అప్పుడు రంగరాజులు అడిగిన ప్రశ్న ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

"దాంట్లో మన ఇంటి మాట ఏదన్నా పడిందా? అవ్వ మాట?"

"లేదు మామా. నా గొంతు ఒకటే."

"నిజంగానే?"

"నిజంగానే."

అతను చొక్కా తొడుక్కున్నాడు. కోడల్ని తోడు తీసుకుని వేలూరికి పోయి ఆ మాటలు తుడిపించుకుని వస్తానన్నాడు. సెల్వకుమార్ తనూ వస్తానంటే ఒప్పుకోలేదు.

"నువ్వు అవ్వ కాడ ఉండు. ఎవురు తట్టినా తలుపు తియ్యొద్దు. ఎవురైనా సరే."

రైల్లో రంగరాజులు కిటికీ పక్క చోటు కోడలికి ఇచ్చాడు. అంత భయంలోనూ ఆ చిన్న మర్యాద సుమితను తాకింది. ఎవరో బుట్టలో జామకాయలు పెట్టుకుని ఎక్కారు. ఆ వాసనకు నోరూరింది. ఇలాంటి రోజున నోరూరినందుకు తన మీద తనకే కోపం వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది. తను ఈ ఇంట్లో కాలు పెట్టి ఏం తెచ్చింది? ఒక స్పీకరు. దాంతో ఎనభై దాటిన ముసలామె గుండె ఆగిపోతే?

బండి లత్తేరిలో ఆగింది. రంగరాజులు బయటికి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"ఈడనే ఇన్నాను."

సుమిత కదలలేదు. కదిలితే మాట ఆగిపోతుందనిపించింది.

పెళ్ళయిన కొత్తల్లో నూలు కోసం పోతున్నాడట. ఆషాఢం. ఇదే ప్లాట్‌ఫారం మీద అప్పుడొక టీ కొట్టు ఉండేదట. నీళ్ళు తాగుదామని దిగితే ఆ పాట మోగుతోంది. బండి కదిలింది. ఎక్కలేదు.

"పోయింది బండి. నేను అట్లే నిలబడుండాను. కొట్టాయన చూసి, ఇంకో తూరి పెట్టమంటావా అప్పా, అన్నాడు."

"పెట్టమన్నారా మామా?"

బండి మళ్ళీ కదిలాక అన్నాడు. "చీకటి పడిందాకా పెట్టిస్తానే ఉండాను."

కాట్పాడిలో దిగేదాకా సుమిత అదే ఆలోచించింది. ఇంత ప్రేమ ఉన్న మనిషి చెల్లెలు చచ్చిపోయిందని ఎలా చెప్పగలిగాడో ఆమెకు అంతుపట్టలేదు. అడిగే ధైర్యం లేదు.

జానకిరామన్ ఇంట్లో గోడలు కనబడవు. నేల నుంచి కప్పు దాకా క్యాసెట్లే. పోయినసారి, కోకిల ఆసుపత్రిలో ఉండగా వచ్చినప్పుడు, సుమిత వాటిని చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఈసారి అవి గడ్డి వాములా మీద పడతాయేమో అనిపించింది. వాకిట్లో ఆడవాళ్ళ చెప్పులు లేకపోవడం మాత్రం గమనించింది.

ముసలాయన రంగరాజులును చూడగానే పోల్చుకున్నాడు. లేవలేదు, రమ్మనలేదు.

"హార్మోనియం సైకిలుకు కట్టుకొని, చెల్లెల్ని ముందర కూర్చోబెట్టుకొని రిహార్సలుకు తెచ్చేవోడివి నువ్వే గదా?"

"ఆ మాటలు తుడిచెయ్యాల సామీ," అన్నాడు రంగరాజులు. చేతులు జోడించాడు. మా అమ్మ ముసలిదని, తట్టుకోలేదని చెప్పాడు.

జానకిరామన్ గడ్డం గోక్కున్నాడు. ఆ పాటను గురించి తను మొదట రాసినప్పుడు పత్రికలో ఆ పిల్ల పేరు కొట్టేశారని, ఏళ్ళ తర్వాత మళ్ళీ రాస్తే మళ్ళీ కొట్టేశారని చెప్పాడు. మాస్టరు కోప్పడతాడని ఒకసారి, చోటు లేదని ఒకసారి. ఊళ్ళన్నీ పాడుకున్న గొంతుకు పేరు లేకుండా పోయిందనే బాధ తనకు ఇన్నేళ్ళూ ఉందన్నాడు. కొట్టేసే మూడో మనిషివి నువ్వా, అని అడిగాడు.

"కోకిలనే అడుగు. ఆమె వద్దంటే నేనే తుడిచేస్తాను."

"యాడుండాది?"

ముసలాయన బల్ల మీది ఫోను తీసుకుని సుమిత వైపు తిరిగాడు.

పొద్దున నువ్వు పంపింది పెట్టినానమ్మా, అన్నాడు. కంటికి కట్టు కట్టుకుని కోకిల ఇదే కుర్చీలో కూర్చుని వింది. ముసలాయన మాట్లాడిన చోటి దాకా రానే లేదు. మొదట్లోనే ఆపమంది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ ఆపమంది.

"మొదట్లో నేనే గదా సార్ మాట్లాడింది?" అంది సుమిత.

"నీ వెనకాల ఉండే మాట ఇను."

ఫోను నొక్కాడు. సుమిత తన గొంతు తనే వింది. ఎంత సంతోషంగా ఉందో ఆ గొంతు. నమస్కారమని, ఈ రోజు మా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడండి అని నవ్వుతోంది. ఆ నవ్వు ఆగిన చోట, దూరంగా, పిట్టగోడ దగ్గర నుంచి ఇంకో గొంతు, అమ్మణిది. మగ్గాలు ఆడే రోజైతే ఏ యంత్రానికీ అందని గొంతు.

"కా... కా... గువ్వమ్మా, రా తల్లీ. వచ్చి తినిపో నాయనా. ఆకలితో ఉండొద్దు."

సుమిత పొద్దున తన మాటలు ఎంత ముద్దుగా వచ్చాయో చూసుకోవడంలోనే మునిగిపోయింది. వెనక ఏముందో చెవి పెట్టలేదు.

"ఇంట్లో ఆమెను గువ్వ అనేవాళ్ళంట," అన్నాడు జానకిరామన్. "ఆ గొంతు ఎవురిదని నన్నడిగింది. నేనేం చెప్పేది? డోలు వాయించే పిల్లోణ్ణి కట్టుకున్న ఏడాదే, ఆ బాధతో వాళ్ళమ్మ పోయిందని గదా ఆమెకు తెలుసు. ప్రతి అమావాస్యకీ వాళ్ళమ్మకు ఆకు పెడతా ఉండాది. యాడ కచేరీలో ఉన్నా సరే."

అతను రంగరాజులు వైపు చూశాడు. "ఆ మాట పోయి చెప్పింది ఎవురు?"

సుమితకు అప్పుడు తెలిసింది, బయలుదేరే ముందు మామ ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో. తల్లికి కూతురు చచ్చిపోయిందని చెప్పాడు. కూతురికి తల్లి చచ్చిపోయిందని చెప్పాడు. ఇద్దరూ ఒకరికొకరు ఆకు పెట్టుకుంటూ ముప్పై ఏళ్ళ పైన బతికారు.

"కులపెద్దలు ఇంటిని వెలేస్తామన్నారు," అన్నాడు రంగరాజులు. నేల చూస్తూ, లెక్క ఒప్పజెప్పేవాడిలా. "ఒక పక్కనే చెప్తే, ఇంకో పక్క నుంచి వచ్చేస్తారు గదా."

ఆ మాటలోని చల్లదనానికి సుమిత ఒక అడుగు వెనక్కి వేసింది. వెనక క్యాసెట్లు గలగలమన్నాయి.

"ఆమె యాడ సామీ?" అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతు అతనిది కాదు.

"గుడియాత్తం బస్సు నేనే ఎక్కించినాను. వద్దన్నా నిలబళ్ళేదు. ఈ పాటికి చేరుంటుంది."

సుమిత ఫోను తీసి సెల్వకుమార్‌కు చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. రంగరాజులు ఆమె మొహాన్నే చూస్తున్నాడు.

"సుమితా." సెల్వకుమార్ ఫోను ఎత్తి గుసగుసగా మాట్లాడుతున్నాడు. "ఎవురో తలుపు తడతా ఉండారు. ఆడమనిషి. కంటికి కట్టుండాది, కిటికీలోంచి చూసినాను. నాయన తియ్యొద్దన్నాడని అమ్మ గడియకు అడ్డంగా నిలబడుండాది."

"అవ్వ ఏం చేస్తా ఉంది బావా?"

అతను జవాబు చెప్పేలోగా తట్టిన చప్పుడు సుమితకే వినిపించింది. మగ్గం ఆడని వీధిలో, మూసిన తలుపు మీద, మెత్తగా, ఆగి ఆగి.

"అవ్వ లేచింది," అన్నాడు సెల్వకుమార్. "పెరట్లోకి పోయింది. ఆ చిన్నాకు చేతిలో పెట్టుకొని వస్తా ఉండాది."

రాజాంబాళ్ వెనక నిలబడి అడిగితే వినపడని చెవికి, ఇంత మెత్తని చప్పుడు ఎలా వినపడింది? ఇది వినపడితే, మధ్యాహ్నం స్పీకరులోంచి వచ్చిన మాట వినపడలేదా? ఎంత విన్నది? విని, సున్నం రాసుకుంటూ ఎలా కూర్చుంది?

రంగరాజులు "సెల్వా" అంటూ ఫోను లాక్కున్నాడు. "అవ్వను తియ్యనీకు. అవ్వను పట్టుకో," అనబోయాడు.

ఫోనులోంచి అమ్మణి గొంతు వచ్చింది. దూరంగా, పొద్దున కాకిని పిలిచినంత మెత్తగా.

"పక్కకి జరుగు రాజాంబాళ్. అమావాస్య పూట ఆకలితో వచ్చినోళ్ళని వాకిట్లో నిలబెట్టకూడదు."

"నాయనా," సెల్వకుమార్ గుసగుస వణికింది. "అవ్వ ఎవురనుకొని తీస్తా ఉండాదో తెలీలేదు నాయనా. బతికుండే మనిషనా, పోయిన మనిషనా?"

గడియ జరిగిన చప్పుడు సత్తువాచారి దాకా స్పష్టంగా వినిపించింది.